డాక్టర్ సలహా: మంచు కరిగిన నీటిలోకి దిగేవారు మొదటి నిమిషానికి సిద్ధపడాలి

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు, మా వారికి 47. ఏప్రిల్ నెలాఖరులో స్నేహితులతో కలిసి రెండు రోజుల కాన్యనీరింగ్ యాత్రకు వెళ్తున్నాం. ఇరుకైన కొండలోయలో తాళ్ల సాయంతో జలపాతాల వెంట దిగుతూ, మధ్యలో వచ్చే మడుగులను ఈదుకుంటూ పోవాలి. ఈసారి కొండలపై మంచు బాగా పడినందువల్ల నీటిమట్టం ఎక్కువగా, నీటి ఉష్ణోగ్రత 8 డిగ్రీల సెల్సియస్ దగ్గరగా ఉంటుందని గైడ్ చెప్పారు. నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది. మా వారు బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నారు. ఇద్దరికీ ఈత బాగానే వచ్చు. వెట్‌సూట్లు (చల్లటి నీటిలో వేసుకునే బిగుతైన రబ్బరు దుస్తులు) అద్దెకు తీసుకుంటున్నాం. అవి ఉంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: వెట్‌సూట్ తప్పనిసరి, కానీ అదొక్కటే సరిపోదు. చల్లటి నీరు అనగానే చాలామంది ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడం గురించే, అంటే హైపోథర్మియా గురించే భయపడతారు. పెద్దవారిలో అది ప్రమాదకర స్థాయికి చేరడానికి సాధారణంగా అరగంట కంటే ఎక్కువే పడుతుంది. అంతకు ముందే, నీటిలో పడిన మొదటి నిమిషంలో ఊపిరి, ఆ తరువాతి పదీ పదిహేను నిమిషాల్లో చేతులు అదుపు తప్పుతాయి. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి ప్రభావాలపై ఏళ్ల తరబడి పరిశోధించిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీనిని 1-10-1 అని గుర్తుపెట్టుకోమన్నారు. గడ్డకట్టేంత చల్లటి నీటిలో ఊపిరి కుదుటపరచుకోవడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు పనికొచ్చే స్థితిలో ఉండేది పది నిమిషాలు, స్పృహ తప్పేలోగా ఉండేది సుమారు ఒక గంట అని దాని అర్థం. మీరు చెప్పిన 8 డిగ్రీల వద్ద ఈ వ్యవధులు కొంత పెరగవచ్చు గానీ వరుస మారదు.

చర్మం ఒక్కసారిగా చల్లబడినప్పుడు, మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని పెద్ద గుక్క లోపలికి వెళ్తుంది. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే గాలికి బదులు నీరే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎంత మంచి ఈతగాడికైనా ఇది జరగవచ్చు. ఆ వెంటనే ఆయాసం, గుండెదడ మొదలవుతాయి, చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుపోవడం వల్ల బీపీ పైకెగుస్తుంది. ఈ ఉధృతి మొదటి అరనిమిషంలో హెచ్చుగా ఉండి, రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. అందువల్ల మడుగులోకి దూకకుండా, ముందు చేతులు, మెడ, ముఖం తడుపుకుని, నెమ్మదిగా గాలి వదులుతూ దిగాలి. పొరపాటున పడిపోతే వెంటనే ఈదాలని ఆరాటపడకుండా, లైఫ్ జాకెట్ ఆసరాతో వెల్లకిలా తేలుతూ ఊపిరి అందేవరకు ఆగాలి. నురగతో తెల్లబారిన నీటిలో గాలి కలిసి ఉండటం వల్ల అది మనిషిని సరిగా తేల్చదు, కాబట్టి ఈత వచ్చినవారికి కూడా లైఫ్ జాకెట్ తప్పదు.

శరీరానికి దీన్ని కొంత అలవాటు చేయవచ్చు. చల్లటి నీటిలో మూడేసి నిమిషాల చొప్పున ఐదారు సార్లు మునిగినవారిలో ఈ తొలి అదురు సుమారు సగానికి తగ్గుతుందనీ, ఆ ప్రభావం కొన్ని నెలలపాటు కొంతవరకు నిలుస్తుందనీ పరిశోధనల్లో తేలింది. ఆస్తమా అదుపులో ఉంటే మీరు ఒంటరిగా కాకుండా, ఒకరు పక్కన ఉండగా ఇది ప్రయత్నించవచ్చు. మీ వారు మాత్రం గుండె పరీక్ష అయ్యేవరకు దీని జోలికి పోకూడదు.

ఇక మీ వారి విషయం కొంత వివరంగా చెప్పాలి. మెటోప్రొలాల్ బీటా బ్లాకర్ వర్గానికి చెందిన మందు. చేతులు కాళ్లు చల్లబడటం ఈ వర్గం మందుల దుష్ప్రభావాల్లో ఒకటి, అందువల్ల ఆయన వేళ్లు మిగతావారికంటే త్వరగా మొద్దుబారవచ్చు. గుండె వేగాన్ని ఈ మందు తగ్గించి ఉంచుతుంది కాబట్టి శ్రమ పెరిగినప్పుడు త్వరగా అలసట రావచ్చు. అంతమాత్రాన యాత్ర కోసమని మాత్ర మానేయడం అంతకన్నా ప్రమాదం. బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపితే బీపీ, గుండె వేగం ఎగసిపడి గుండెపోటుకు కూడా దారితీయవచ్చు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్ర కన్నా గుండె లయ. చలి అదురు గుండెను పరుగెత్తించమంటుంటే, ముఖం చల్లటి నీటిలో మునగడం వల్ల కలిగే మరో ప్రతిచర్య అదే గుండెను నెమ్మదించమంటుంది. ఈ రెండు ఆదేశాలు ఒకేసారి అందినప్పుడు, అంతకుముందు ఏ ఇబ్బందీ లేనివారిలో కూడా లయ తప్పవచ్చు. 47 ఏళ్ల వయసులో, బీపీ ఉన్న వ్యక్తి ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోకుండా ఇలాంటి నీటిలో దిగడాన్ని నేను సమర్థించలేను. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో బరువు, ఎప్పుడైనా స్పృహ తప్పడం, కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణం వంటివి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

మీ ఆస్తమా విషయంలో, గత నాలుగు వారాల్లో రిలీవర్ ఇన్‌హేలర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి పీల్చే మందు) వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ వాడాల్సి వచ్చిందా, రాత్రిళ్లు దగ్గుతో మెలకువ వచ్చిందా అన్నది చూసుకోండి. వస్తే ఆస్తమా అదుపులో లేనట్టే, ముందు అది సరిచేసుకోవాలి. శ్రమకు ముందు రిలీవర్ వాడమని మీ డాక్టర్ ఇదివరకే చెప్పి ఉంటే, నడక మొదలుపెట్టడానికి 10 నుంచి 15 నిమిషాల ముందు తీసుకోండి. చల్లబడిన ఇన్‌హేలర్ నుంచి మందు సరిగా రాకపోవచ్చు. ఒకటి నీరు చొరని సంచిలో పెట్టి ఒంటికి దగ్గరగా ఉంచుకుని, రెండోది గైడ్‌కు ఇవ్వండి.

వెట్‌సూట్ లోపలికి చేరిన పలుచటి నీటి పొరను ఒంటి వేడితో వెచ్చబరచి నిలిపి ఉంచుతుంది. మెడ దగ్గర, జిప్ దగ్గర వదులుగా ఉంటే ప్రతి కదలికకూ ఆ వెచ్చటి నీరు పోయి చల్లటి నీరు వస్తుంది. గాలి కంటే నీరు సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది కనుక అద్దె దుకాణంలో ఐదు నిమిషాలు వేసుకుని చూస్తే చాలదు, ఈత కొలనులో వేసుకుని ఈది చూడాలి. ఆ ఉష్ణోగ్రతకు కనీసం 5 మిల్లీమీటర్ల మందం గల నిండు సూట్, తలకు హుడ్, నియోప్రీన్ సాక్సులు, గ్లవ్స్ ఉండాలి. నీటిలో గడిపే సమయం ఎక్కువైతే నీరు లోపలికి చొరని డ్రైసూట్ మేలు. గ్లవ్స్ వేసుకుని ముడి వేయడం, రాపెల్ పరికరంలో (తాడు వెంట దిగడానికి వాడేది) తాడు ఎక్కించడం, క్యారబినర్ (తాళ్లను తగిలించే లోహపు కొక్కెం) తెరవడం ఇంట్లోనే చేసి చూడండి. వేళ్లు కొంకర్లు పోయాక తాడు మీద వేలాడుతూ కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. ఒక్కసారి పట్టు కుదరకపోయినా గైడ్‌కు వెంటనే చెప్పాలి.

నీటిమట్టం గురించి నిర్ణయం గైడ్‌దే అయినా, అడగాల్సిన బాధ్యత మీది. కాన్యన్లకు, అంటే ఇలాంటి ఇరుకు లోయలకు ఇచ్చే గ్రేడుల్లో ‘బి’ అంటే ప్రవాహం పెద్దగా లేని నీరు, ‘సి’ అంటే బలమైన ప్రవాహం. మీది ఆ రోజు ఏ స్థితిలో ఉందో కనుక్కోండి. ప్రవాహ వేగం రెట్టింపైతే ఒంటిని నెట్టే శక్తి నాలుగింతలు అవుతుంది. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నం తరువాత నీరు పెరుగుతుంది, మంచు మీద వాన పడితే ఇంకా వేగంగా పెరుగుతుంది, కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరాలి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, జయాన్ నేషనల్ పార్క్‌లోని నారోస్ లోయను ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే మూసేస్తారు. మీ లోయకు కూడా అలాంటి ఒక హద్దును ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. లోయ అంచున నిలబడి, అంత దూరం వచ్చామన్న ఆశతో తీసుకునే నిర్ణయం మీద నాకు నమ్మకం లేదు. నీరు లాక్కుపోతే నిలబడే ప్రయత్నం చేయకండి. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. కాళ్లు ముందుకు పెట్టి వెల్లకిలా తేలాలి.

ముందురోజు మద్యం వద్దు. వణుకుకు ఇంధనం పిండిపదార్థాలే కనుక ఉదయం కడుపునిండా తిని, దారిలో గంటకోసారి తీపి పదార్థం ఏదైనా తింటూ ఉండండి. చలికి మూత్రం ఎక్కువగా వస్తుంది, సూట్ విప్పడం కష్టమని నీళ్లు తాగడం తగ్గించకూడదు.

తోటివారిలో ఎవరైనా మాట ముద్దగా మాట్లాడుతున్నా, అడుగు తడబడుతున్నా, అకారణంగా విసుక్కుంటున్నా అది హైపోథర్మియా కావచ్చు. వెంటనే గాలి తగలని చోటికి చేర్చి, కింద మందంగా పరిచి, తడి బట్టలు తీసి పొడివి వేసి, ఛాతీకి, చంకలకు బట్ట చుట్టిన వేడి ప్యాక్‌లు పెట్టండి. మెలకువగా ఉండి, మింగగలిగితే వెచ్చటి తీపి పానీయం ఇచ్చి, కనీసం అరగంట వరకు నడవనివ్వకండి. చేతులు కాళ్లు రుద్దకూడదు. ఇంకా చల్లగానే ఉన్న మనిషిలో వణుకు ఆగిపోయి మత్తు వస్తే అది కోలుకోవడం కాదు, ముదరడం. అప్పుడు కుదుపు లేకుండా పడుకోబెట్టే ఉంచి సహాయ బృందాన్ని పిలవాలి. ఊపిరి ఆగితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి అందించడం) మొదలుపెట్టి, సహాయం అందేవరకు కొనసాగించాలి. 1999లో నార్వేలో మంచు కింది నీటిలో చిక్కుకుని, శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయిన ఒక మహిళ బతికి బయటపడ్డారు.

మీ వారి ఈసీజీ, మీ ఆస్తమా సమీక్ష కనీసం మూడు వారాల ముందే చేయించుకోండి. మందులో మార్పు అవసరమైతే శరీరం దానికి అలవాటు పడటానికి సమయం ఉంటుంది. గుండె డాక్టర్ వద్దంటే ఆయన లోయ చివర పొడి బట్టలు, వేడి పానీయంతో మీ బృందం కోసం ఎదురుచూడవచ్చు. చెప్పిన వేళకు మీరు రాకపోతే సహాయానికి ఫోన్ చేసే మనిషి బయట ఒకరు ఎలాగూ ఉండాలి.