పాత అల్యూమినియం కిటికీలకు కొత్త రంగు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. వసారా ముందు రాతి పలకలు, తెల్లటి గోడలు, కొత్త రెయిలింగు అన్నీ చక్కగా కుదిరాయి. వాటి మధ్య మీ నాన్న పెట్టించిన గోధుమరంగు అల్యూమినియం కిటికీలు వెలిసిపోయి కనిపిస్తున్న మాట నిజమే. మేస్త్రీ వాటన్నిటినీ పీకేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెడదామంటున్నాడని రాశావు. తొందరపడి ఒప్పుకోకు. చట్రాలు గోడలో సిమెంటుతో బిగిసి ఉన్నాయి. వాటిని పీకితే చుట్టూ ప్లాస్టరింగు, కింద గ్రానైటు గట్టు, లోపల లప్పం పగులుతాయి. మొన్ననే చేయించిన పనికి మళ్ళీ డబ్బు పోయాలి. చట్రాల అల్యూమినియం పట్టీలు గట్టిగా ఉంటే స్ప్రే రంగు చాలు. అయితే ఆ రంగు ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది స్ప్రే గన్ను చేతపట్టక ముందే, కడగడం, గీకడం, ఆరబెట్టడం దగ్గరే తేలిపోతుంది. చాలామంది పనివాళ్ళు హడావిడి చేసేది కూడా అక్కడే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక్కో కిటికీ దగ్గరా నిలబడి చూడు. తెల్లటి పొడి కట్టినచోట గోటితో గీకు. పొడి రాలిపోయి కింద లోహం గట్టిగా తగిలితే పరవాలేదు. గుంటలు లోతుగా ఉన్నా, మూలల్లో అతుకులు ఊగుతున్నా, చక్రాలు తిరిగే ట్రాకు తినేసి ఉన్నా ఆ ఒక్క కిటికీ మార్పించు. మీ ఇల్లు అంతర్వేది వైపు కనుక దక్షిణం, తూర్పు ముఖాల కిటికీలను ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి, ఉప్పుగాలి తగిలేది వాటికే. ఇనుప మేకులు బిగించినచోట తుప్పు చార కనిపిస్తే ఆ మేకులు తీయించి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించు. తేమలో ఇనుమూ అల్యూమినియమూ పక్కపక్కన ఉంటే రెండింట్లో తినుకుపోయేది అల్యూమినియమే. ట్రాకు అడుగున వాననీరు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని ఇప్పుడే పుల్లతో పొడిపించి శుభ్రం చేయించు. అవి పూడుకుపోతే తుపాను వానకు నీళ్ళు గదిలోకే వస్తాయి.

"ఇంటికే వచ్చి పౌడర్ కోటింగ్ చేస్తాం" అని ఎవరైనా అంటే నమ్మవద్దు. పౌడర్ కోటింగ్ అంటే పొడి రంగును విద్యుదావేశంతో లోహానికి అంటించి, దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో పొయ్యిలో కాల్చడం. గోడలో ఉన్న చట్రానికి అది సాధ్యం కాదు. జారే షట్టర్లను విప్పి, అద్దాలూ రబ్బర్లూ తీసి, షాపుకు పంపించి చేయించవచ్చు గానీ, అప్పుడు షట్టరు ఒక ఛాయలో, చట్రం మరో ఛాయలో తేలుతాయి. నా మాట వింటే రెండింటికీ ఒకే స్ప్రే రంగు వేయించు. షట్టర్లను పైకెత్తి ట్రాకు నుంచి తీసి, పెరట్లో నీడలో బల్లల మీద పెట్టి కొట్టిస్తే అంచులన్నీ చక్కగా అందుతాయి.

పనికి గోడల పెయింటరును పెట్టవద్దు. కార్లకు రంగు కొట్టే గ్యారేజీ మనిషిని వెతుకు. పాలకొల్లులో, భీమవరంలో, అమలాపురంలో అలాంటివాళ్ళు దొరుకుతారు. లోహాన్ని ఎలా సిద్ధం చేయాలో, రెండు డబ్బాల రంగు (ఒకదానిలో రంగు, రెండోదానిలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్) ఎలా కలపాలో వాళ్ళ చేతికి అలవాటు. ఇనుప గ్రిల్లుకు వేసే రెడ్ ఆక్సైడు, దాని మీద ఎనామిల్ అంటూ మొదలుపెడితే అక్కడే ఆపు. రెడ్ ఆక్సైడు ఇనుము కోసం చేసింది, అల్యూమినియానికి సరిగా పట్టదు. రెండు మూడు ఎండాకాలాలకే పొరలుగా లేస్తుంది.

ఇక కడగడం గురించి. మీ ప్రాంతంలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. సముద్రపు ఉప్పు కంటికి కనిపించకుండా లోహం మీద పేరుకుంటుంది. రంగు కింద ఉప్పు మిగిలితే అది తేమను లాక్కుంటుంది, ఆ తేమ రంగును బొబ్బలుగా పైకి లేపుతుంది. కాబట్టి సబ్బు నీళ్ళతో రుద్ది, తర్వాత ధారాళంగా మంచినీళ్ళు పోసి కడిగించాలి. బోరు నీళ్ళు వాడనివ్వకు. తీరం దగ్గర బోరులో వచ్చేది ఉప్పు నీరే, దాంతో కడిగితే ఉప్పు తీసి మళ్ళీ ఉప్పు పెట్టినట్టే. పంచాయతీ కుళాయి నీళ్ళో, కాలువ నీళ్ళు తేర్చి వడగట్టినవో వాడండి. వేసవిలో కాలువలు కట్టేస్తే మంచినీటికి ఎంత కటకటో నీకు తెలుసు. ఆలోపే ఈ పని పూర్తి కావాలి.

కడిగిన తర్వాత ఒక చిన్న పరీక్ష చెయ్యి. చట్రం మీద నీళ్ళు పోస్తే సన్నని పొరలా పరుచుకుని జారిపోవాలి. ఎక్కడైనా ముత్యాల్లా విడిపోయి నిలిచాయంటే అక్కడ నూనో మైనమో సిలికానో ఉన్నట్టు. అక్కడ రంగు వేస్తే చేపకళ్ళలాంటి చిల్లులు పడతాయి. పాత సిలికాన్ మొత్తాన్ని బ్లేడుతో కోసి తీయించి, జిడ్డు తీసే థిన్నరుతో తుడిపించాలి. తుడిచే గుడ్డ మాటిమాటికీ మార్చాలి, ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతుంది. సిమెంటు మరకలను ఆసిడ్‌తో తీస్తామంటారు, ససేమిరా ఒప్పుకోకు. అల్యూమినియానికి ఆమ్లమూ పడదు, సిమెంటులోని క్షారమూ పడదు. చెక్క ముక్కతో నెమ్మదిగా గీకి తీయాలి.

పూర్తిగా ఆరాక గరుకు చేయించు. 320 నంబరు ఉప్పుకాగితం గానీ, గరుకు నైలాను పీచు గానీ సరిపోతుంది. స్టీలు పీచు మాత్రం ముట్టుకోకూడదు. దాని ఇనుప రేణువులు మెత్తటి అల్యూమినియంలో ఇరుక్కుని, తర్వాత రంగు లోపలినుంచి తుప్పు చుక్కలై బయటపడతాయి. మీ కిటికీల గోధుమ రంగు పూతలా కనిపించినా, అది ఆనోడైజింగ్ అయి ఉండవచ్చు. అంటే లోహం పైపొరనే గట్టిపరిచి రంగు పట్టించారన్నమాట. దాన్ని పూర్తిగా తీయనక్కర్లేదు, మెరుపు చచ్చి మసకబారితే చాలు. లోహం బయటపడినచోట మాత్రం అదే రోజు ప్రైమర్ పడాలి, ఆలస్యమైతే గాలికి మళ్ళీ ఆక్సైడు పొర కడుతుంది.

ప్రైమర్‌గా రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ వేయించు. పైన బయటి వాడకానికి పనికొచ్చే రెండు డబ్బాల పీయూ (పాలీయూరితేన్) రంగు. చెక్క తలుపులకు లోపల వేసే పీయూ డబ్బా తెచ్చి ఇదీ అదే అంటే ఊరుకోకు, దానిలో కొన్ని రకాలు ఎండకు పసుపు రంగుకు తిరుగుతాయి. ప్రైమర్, రంగు, హార్డెనర్, థిన్నర్ నాలుగూ ఒకే కంపెనీవి కొను. హార్డెనర్‌ను కంటి అంచనాతో పోయనివ్వవద్దు, డబ్బా మీద రాసిన పాళ్ళ ప్రకారం కొలత గిన్నెతో కలపాలి. ఒకేసారి మందంగా కొడితే కారుతుంది. పలచగా ఒక పూత, పది పదిహేను నిమిషాలు ఆగి ఇంకో పూత. గన్ను చట్రానికి జానెడు దూరంలో ఉండాలి. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కంప్రెసర్‌కు నీటిని వడకట్టే ఫిల్టరు ఉందో లేదో అడిగి చూడు. లేకపోతే గన్నులోంచి రంగుతోపాటు నీటి తుంపరలు వస్తాయి.

చక్రాలు తిరిగే ట్రాకు లోపలి గాడికి రంగు వద్దు, టేపు వేసి మూయించు. అక్కడ వేసిన రంగు నాలుగు రోజుల్లో గీతలు పడి రాలుతుంది. రబ్బర్లూ, షట్టరు అంచున ఉండే బ్రష్షు పట్టీలూ విప్పించి, పాతబడితే కొత్తవి కొను, అవి పెద్ద ఖర్చు కాదు. అద్దాలకు వార్తాపత్రికలు అంటించకండి, థిన్నరుకు తడిసి సిరా దిగుతుంది. గోధుమ రంగు ప్యాకింగు కాగితం వాడండి. రంగు ముట్టుకుంటే అంటని దశకు రాగానే, రాయిలా గట్టిపడక ముందే టేపు తీసేస్తే అంచు తెగినట్టు నీటుగా వస్తుంది.

ఏ రోజుల్లో చేయించాలన్నది కూడా చెప్పాలి. ధనుర్మాసంలో తెల్లవారి మీ చట్రాల మీద మంచు నీళ్ళు కారుతుంటాయి. సంక్రాంతి దాటి, మాఘంలో ఎండ పుంజుకున్నాక మొదలుపెట్టు, దాళ్వా (రెండో పంట) కోతల ధూళి లేవకముందే ముగించు. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు గన్ను పట్టకూడదు. పీయూ హార్డెనర్‌కు నీటితో పడదు, తేమ తగిలితే బుడగలు వస్తాయి, మెరుపు చస్తుంది. ఉదయం పది గంటలకు మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగకముందే ఆపితే మంచిది. గాలి లేచాక కొడితే సగం రంగు పక్కింటివాళ్ళ కారు మీదికి పోతుంది. ఎండ సూటిగా పడి కాలుతున్న చట్రం మీద రంగు పరుచుకోకముందే ఆరి ఇసుకలా తయారవుతుంది, కాబట్టి ఏ వైపు నీడ ఉంటే ఆ వైపు పని.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకు. పీయూ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటి పొగమంచు పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, కొందరికి జీవితాంతం ఉబ్బసం పట్టుకుంటుంది. గుడ్డ మాస్కు, రుమాలు దీనికి పనికిరావు. స్ప్రే కొట్టే మనిషికి బయటినుంచి మంచి గాలి అందించే మాస్కు ఉంటే అన్నిటికంటే మేలు. కనీసం ఆ రసాయన ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జి మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా పని మొదలుపెట్టనివ్వకు. లేవంటే నువ్వే కొనిపెట్టు. అతనికీ ఇంట్లో పిల్లలున్నారు. మీ అత్తగారికి ఆయాసం ఉంది కదా, ఆ రోజులకు ఆమెనూ పిల్లలనూ అమ్మ దగ్గరికి పంపు. పక్కింటివాళ్ళకు ముందురోజే చెప్పు.

రంగు విషయంలో నువ్వు నలుపు అడిగావు. నాకు ముదురు బూడిద నచ్చుతుంది, రంగులకు నంబర్లిచ్చే రాల్ (RAL) పట్టికలో 7016 నంబరు. మీ రాతి పలకలకు అది బాగా నప్పుతుంది, పైగా ఉప్పు ఆరి తెల్లగా కట్టినా నలుపు మీద కనిపించినంతగా కనిపించదు. పడమటి ఎండకు నలుపు మరీ వేడెక్కుతుంది. అయిదడుగుల అల్యూమినియం పట్టీ 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది. గోడకూ చట్రానికీ మధ్య పగుళ్ళు వచ్చేది అందువల్లనే. కాబట్టి రంగు అయ్యాక వేసే సిలికాన్ సాగే రకం, పుల్లటి వాసన రాని న్యూట్రల్ రకం కొనమను. మరీ మాట్ కాకుండా కొద్దిగా మెరుపున్నది తీసుకో, వేలిముద్రలు తేలిగ్గా తుడుచుకుపోతాయి.

గోడల ప్లాస్టరింగు, లప్పం, నేల పలకల శుభ్రం అన్నీ ముగిశాకే కిటికీల రంగు. గోడకు చివరి పూత మాత్రం కిటికీలు అయిన వారం తర్వాత వేయించు. అప్పటికి పీయూ పూర్తిగా గట్టిపడుతుంది, టేపు అంటించినా ఊడిరాదు.

మొదట ఇంటి వెనక వైపు చిన్న కిటికీకి ఒక్కదానికే వేయించి చూడు. వారం తర్వాత ఒక మూలలో బ్లేడుతో గళ్ళు గీసి, టేపు గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగు. గళ్ళలోంచి రంగు ఊడకపోతే మిగతావాటికి సరే అను. ఊడితే ప్రైమర్ కిందే తప్పు ఉంది, మళ్ళీ గీకి మొదటినుంచి చేయమను. బేరం కుదుర్చుకునేటప్పుడే ఈ మాట చెప్పి, డబ్బులో కొంత ఆ పరీక్ష దాకా ఆపుకో. నికరంగా పనిచేసేవాడు దీనికి నొచ్చుకోడు.

పని చేసే మనిషి దొరికాక అతని ఫోను నంబరు పంపు, ప్రైమర్ గురించి నేను మాట్లాడతాను. దక్షిణం వైపు కిటికీ కింది మూలలు దగ్గరగా ఫొటో తీసి పంపడం మరచిపోకు.

ఇట్లు,
మీ మామయ్య