నిరీక్షణ అంటే ఊరికే ఎదురుచూడడమేనా?

సందేహం: సంఘంలో చదవడానికి నా విశ్వాస అనుభవాన్ని సాక్ష్యంగా రాసుకున్నాను. అందులో ‘దేవుని వాగ్దానాల మీద నిరీక్షణతో, అనుదినం ఆయనకు విధేయుడనై జీవిస్తున్నాను’ అనే వాక్యం ఉంది. నా స్నేహితుడు అది చూసి, ‘నిరీక్షణ అంటే ఎదురుచూడడమేగా, బస్సు కోసం కూడా ఎదురుచూస్తాం. ఆశ అని రాయి, అందరికీ అర్థమవుతుంది’ అన్నాడు. ‘అనుదినం’ తీసేసి ‘దినదినం’ అని పెట్టమన్నాడు. ఏది సరైనది?

సమాధానం: ‘ఆశ’ అని మార్చకండి. మీ స్నేహితుడు చెప్పిన అర్థంలో తప్పు లేదు గానీ, మీరు చెప్పదలచుకున్నది అంతకన్నా పెద్దది.

సంస్కృతంలో ‘ఈక్ష్’ ధాతువుకు చూడడం అని అర్థం. నిరీక్షణ అంటే తేరిపార చూడడం. ఎదురుచూపుకు సంస్కృతంలో మాట ‘ప్రతీక్ష’. తెలుగులో మాత్రం నిరీక్షణకే ఎదురుచూపు అనే అర్థం స్థిరపడింది. కన్నడంలో ‘నిరీక్షె’ కూడా ఇంచుమించు ఇంతే. హిందీలో ‘నిరీక్షణ్’ అంటే తనిఖీ! ఒకే మాట ఒక్కో భాషలో ఒక్కో దారి పట్టింది.

మామూలు తెలుగులో నిరీక్షణ ఫలించవచ్చు, ఫలించకపోనూ వచ్చు. అందుకే అందులో టెన్షన్ ఉంటుంది. తెలుగు బైబిలులో ఆ అనుమానానికి చోటు లేదు. ‘ఈ నిరీక్షణ మనలను సిగ్గుపరచదు’ అంటాడు పౌలు రోమీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో. ఎదురుచూసి, ఎదురుచూసి చివరికి నలుగురిలో తలవంచుకోవలసిన పని రాదని భావం. ఆ ధీమా ఎదురుచూసేవాడి పట్టుదల వల్ల వచ్చేది కాదు, మాట ఇచ్చినవాడి వల్ల వచ్చేది. వాక్కు, దానం కలిస్తే వాగ్దానం. మీ వాక్యంలో నిరీక్షణ పక్కనే వాగ్దానం ఉంది కాబట్టి అది బస్సు కోసం ఎదురుచూపు కానే కాదు.

ఇక ఆశ. దానికి తెలుగులో చుట్టాలు ఎక్కువ: పేరాశ, దురాశ, అడియాస, ఆశపోతు. అన్నీ మంచి చుట్టాలు కావు. నిరీక్షణకు ఇలాంటి బాధ లేదు. అలాగని బైబిలు ఆశను వెలివేయలేదు. ‘ఆయన మాటమీద నేను ఆశపెట్టుకొనియున్నాను’ అని 130వ కీర్తనలో ఉంది. అక్కడ ‘ఆయన మాటమీద’ అనడంతో ఆ ఆశకు ఆధారం దొరికింది. అదే వచనంలో ‘యెహోవాకొరకు నేను కనిపెట్టుకొనుచున్నాను’ అని కూడా ఉంది. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇది. కనిపెట్టడం అంటే ఇప్పుడు మనకు కొత్త యంత్రాలు కనిపెట్టడమే గుర్తొస్తుంది కానీ, ‘పిల్లవాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు’ అని ఇప్పటికీ అంటాం. అలా కనిపెట్టుకుని ఉన్నవాడు చేతులు కట్టుకుని కూర్చోడు. కన్ను అటే ఉంటుంది, చేయవలసిన పని చేస్తూనే ఉంటాడు.

నిరీక్షణకూ విధేయతకూ ముడి ఇక్కడే పడుతుంది. అబ్రాహాము హారాను అనే ఊరు విడిచి బయలుదేరినప్పుడు అతనికి 75 ఏళ్లు, దేవుడు వాగ్దానం చేసిన కొడుకు ఇస్సాకు పుట్టేసరికి 100. మధ్యలో గడిచిన ఆ 25 ఏళ్లూ అతను ఒకచోట కూర్చుని లేడు. ‘ఆ పిలుపునకు లోబడి’, ఎక్కడికి వెళ్లాలో తెలియకుండానే నడిచాడని హెబ్రీ పత్రిక చెబుతుంది. అదే మనిషి గురించి రోమా పత్రిక ‘నిరీక్షణకు ఆధారము లేనప్పుడు అతడు నిరీక్షణ కలిగి నమ్మెను’ అంటుంది. ఈ వాక్యంలో నిరీక్షణ తీసి ‘ఎదురుచూపు’ పెట్టి చదవండి, ఎంత పలచబడుతుందో తెలుస్తుంది.

విధేయతకు తెలుగువాళ్లు ఇంట్లో వాడే మాట ‘మాట వినడం’. చెవితో వినడమూ, చెప్పినట్టు చేయడమూ రెండూ ఇందులోనే ఉన్నాయి. హీబ్రూలో ‘షామా’ అనే క్రియ కూడా ఇలాంటిదే. అందుకే ‘పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము’ అని సమూయేలు ప్రవక్త సౌలు రాజును మందలించిన వాక్యం తెలుగులో అంత సహజంగా వినిపిస్తుంది. అదే వచనంలోని ‘ఆజ్ఞను గైకొనుట’లో గైకొను అంటే కైకొను. కై అంటే చెయ్యి. ఆజ్ఞను విని వదిలేయకుండా చేతిలోకి తీసుకోవడం అన్నమాట.

మీ వాక్యంలో చిన్న సవరణ ఒకటి ఉంది. ‘వాగ్దానాల మీద నిరీక్షణతో’ అంటే ఏదో తెగినట్టుంది, ‘నిరీక్షణ ఉంచి’ అనండి. ‘విధేయుడు’ ముందు ‘ఆయనకు’ అని మీరు రాసింది సరైనదే, ‘ఆయన పట్ల’ అక్కర్లేదు. కొందరు ‘విధేయించు’ అని కొత్త క్రియ వాడుతున్నారు, అది వద్దు. లోబడు, విధేయత చూపు అనేవి ఉండగా దానితో పని లేదు.

దినదినం, అనుదినం రెండూ మంచి మాటలే గానీ పని వేరు. బైబిలులో ‘ఆంతర్యపురుషుడు (అంటే లోపలి మనిషి) దినదినము నూతన పరచబడుచున్నాడు’ అన్నచోట రోజురోజుకూ జరిగే మార్పు కనిపిస్తుంది. ప్రభువు ప్రార్థనలోని ‘అనుదినాహారము’ ఏ రోజుకు ఆ రోజు కావలసింది. మీరు చెబుతున్నది ఏ రోజూ తప్పకుండా మాట వినడం గురించి గనుక ‘అనుదినం’ అలాగే ఉంచండి. విధేయతలో ఎలా ఎదుగుతూ వచ్చారో చెప్పే వాక్యం ఇంకొకటి రాస్తే, అక్కడ ‘దినదినం’ వాడుకోండి.