అందరికీ ఒకటే ప్రశ్నపత్రం

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. ఉండేది నెల్లూరు. మా అమ్మాయి బెంగళూరులో మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఈమధ్యే టీమ్ లీడ్ అయింది. వచ్చే వారం నుంచి తనే ఇంటర్వ్యూలు చేయాలట. ఉద్యోగానికి వెళ్లినప్పుడు లేని టెన్షన్ ఇప్పుడు పడుతోంది. ఏం చెప్పమంటారు? అన్నట్టు, మా స్నేహితుడి అబ్బాయి కూడా అక్కడే ప్రయత్నిస్తున్నాడు.

జవాబు: మాస్టారూ, ఆఖరి వాక్యం మామూలుగా రాసేశారు గానీ, అసలు టెన్షన్ అదేనేమో! దాని సంగతి తర్వాత చూద్దాం.

మీరు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లే ఉంటారు. పేపరు మీద పేరుండదు, కోడ్ ఉంటుంది. ఏ పాయింటుకి ఎన్ని మార్కులో దిద్దకముందే చెప్పేస్తారు. అమ్మాయినీ అలాగే చేయమనండి. ఆ ఉద్యోగానికి నిజంగా కావాల్సినవి మూడో నాలుగో రాసుకుని, వాటి మీదే ప్రశ్నలు తయారుచేసి, వచ్చినవాళ్లందరినీ అవే అడగాలి. 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలను కలిపి చూశారు. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ కన్నా, పద్ధతిగా చేసేదే రేపటి పనితీరును బాగా పట్టిస్తుందని తేలింది.

నేను హెచ్చార్‌లో ఉన్న రోజుల్లో ఒకబ్బాయి "మాది తెనాలి" అన్నాడు. అంతే, ముప్పావుగంటలో అరగంట ఊరి కబుర్లే. తీసుకున్నాం. మూడు నెలలకే ఆ పని అతనికి సరిపడదని తేలిపోయింది. పాపం, తప్పు అతనిది కాదు, నేను అడిగిందేముంది? పరాయి ఊళ్లో తెలుగు వినపడితే ప్రాణం లేచొస్తుంది, అక్కడే దెబ్బతింటాం.

"టీమ్‌తో కలిసి పనిచేస్తారా?" అంటే చేయననేదెవరు? "మీ కోడ్ వల్ల ప్రొడక్షన్‌లో ఏదైనా ఆగిపోయిన రోజు గురించి చెప్పండి" అనాలి. (ప్రొడక్షన్ అంటే జనం వాడుతున్న అసలు సిస్టమ్.) "మేం సరిచేశామండీ" అంటారు. "అందులో మీరు చేసిందేమిటి? మొదట ఏం చూశారు?" అని అడిగి ఊరుకోవాలి. ఆ పది సెకన్లు నోరు మూసుకోవడమే కొత్తవాళ్లకి కష్టం. నిజంగా చేసినవాళ్లయితే ఎన్నింటికి ఫోనొచ్చిందో, సిస్టమ్ రాసుకునే చిట్టాల్లో, అదే లాగ్‌లలో, తప్పు ఎక్కడ దొరికిందో కూడా చెప్పేస్తారు.

తర్వాతి మనిషిని పిలవకముందే, పక్కవాళ్లతో మాట్లాడకముందే మార్కులు వేసేయాలి. పెళ్లి, పిల్లల ఊసు ఎత్తనే కూడదు.

ఇక మీ స్నేహితుడి అబ్బాయి. అందరిలాగే రెజ్యూమే పంపించమనండి. తెలిసినవాళ్ల అబ్బాయి అని అమ్మాయి హెచ్చార్‌కి ముందే చెప్పి, ఆ ఒక్క ఇంటర్వ్యూ వేరే లీడ్‌కి అప్పగించాలి. ఈ సంగతి మీ స్నేహితుడికి మీరే చెప్పండి మాస్టారూ, అమ్మాయి చేత చెప్పించకండి.