నస్యం, పుక్కిలి, చెవిలో నూనె: నేను కొనసాగించినవి, మానేసినవి

ఆయుర్వేద దినచర్యలో కళ్లు, ముక్కు, చెవులు, నాలుక కోసం చెప్పినవన్నీ ఉద్యోగం చేసుకునేవారు రోజూ పాటించగలరా అని మీరు అడిగారు. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో చాలా ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. సీజనులో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పి కాయలు కుప్ప పోసే చోట నిలబడితే కొత్తవారికి నిమిషంలోనే తుమ్ములు మొదలవుతాయి. మాలాంటి పాతవారికి తుమ్ములు తగ్గినా, ముక్కు లోపల ఎండిపోయి రాత్రి పడుకునే వేళకు మంట పుడుతుంది. అందువల్ల నాకు బాగా తెలిసినది ముక్కు సంగతే.

ముక్కులో మందు చుక్కలు వేసుకోవడమే నస్యం. రోజూ చేసుకోదగిన తేలికపాటి నస్యాన్ని ప్రతిమర్శం అంటారు. దీనికి ప్రాచీన ఆయుర్వేద రచయిత వాగ్భటుడు తన గ్రంథం అష్టాంగహృదయంలో పదిహేను సమయాలు చెప్పాడు. పళ్లు తోముకున్న తరువాత, దారి నడిచి వచ్చిన తరువాత చేయమన్నవాడు, నవ్విన తరువాత కూడా చేయమన్నాడు. మోతాదు రెండే చుక్కలు. నేను వాడేది అణుతైలం. నువ్వుల నూనెను మూలికల కషాయంతో పదిసార్లు కాచి, చివరిసారి మేకపాలు చేర్చి తయారుచేయాలని శాస్త్రం. సీసాను వేడినీళ్ల గ్లాసులో కాసేపు ఉంచి, మంచం అంచున తల కొద్దిగా వెనక్కి వాల్చి, ఒక్కో ముక్కు రంధ్రంలో రెండేసి చుక్కలు వేసుకుని, గొంతులోకి దిగినదాన్ని ఉమ్మేస్తాను. మొదట్లో గట్టిగా పీల్చి, దగ్గుతో అవస్థపడ్డాను. నూనె ఊపిరితిత్తుల్లోకి చేరితే ఒక రకం న్యుమోనియా రావచ్చు కనుక, ఉబ్బసం ఉన్నవారూ, దగ్గూ జలుబూ ఉన్న రోజుల్లో ఎవరైనా సరే, వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి పోకపోవడం మంచిది.

నోటి విషయం సులువు. నోరు కదపలేనంత నిండుగా పట్టి ఉంచితే గండూషం, పుక్కిలించడానికి చోటుంటే కవళం. నాకు రెండోదే కుదిరింది. చెంచాడు నువ్వుల నూనె, ముందు రాగి బద్దతో నాలుక గీసుకోవడం, అంతే. ఆ నూనెను మాత్రం సింకులో ఉమ్మకండి, గొట్టం పూడుకుపోతుంది.

చెవిలో నూనె పోసుకోవడాన్ని చరకుడు మెచ్చుకున్నాడు, మా నాయనమ్మ కూడా మెచ్చుకునేది. నేను ఒక వానాకాలమంతా రాత్రిపూట పోసుకున్నాను. గుబిలి ఉబ్బి, తడి ఆరక, దురద పెట్టి, చివరికి చెవి డాక్టరు ఫంగస్ అని తేల్చారు. కర్ణభేరికి చిల్లు ఉన్నవారికి అసలే ప్రమాదం. ఇప్పుడు ఆ నూనెను అరికాళ్లకు రాసుకుంటున్నాను. అది కంటిచూపుకు మేలు చేస్తుందని దినచర్యలోనే ఉంది, నాకైతే కనీసం నిద్ర పడుతోంది.

కంటికి రోజూ సౌవీరాంజనం (సుర్మా లాంటి కాటుక) పెట్టమన్నారు గానీ, బజారులో దొరికే సుర్మాల్లో కొన్నింటిలో సీసం ఉంటుంది కనుక నేను పెట్టను. చన్నీళ్లతో కడుగుతాను, అది కూడా చేతులు శుభ్రమైన తరువాతే. మిరప ఘాటు నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే యార్డు నుంచి రాగానే అరచేతులకూ గోళ్ల సందులకూ కొంచెం నూనె రుద్ది, ఆపైన సబ్బుతో రెండుసార్లు కడిగి, అప్పుడే ముఖం మీద చేయి వేస్తాను.