స్వే బార్ లింకులు విప్పి మన దారుల్లో నడపొచ్చా?

ప్రశ్న ఇది: "అమలాపురం దగ్గర ఉంటాం. 2021 థార్, ఫోర్ బై ఫోర్. వానాకాలంలో పుంతదారి మీద తోటలోకి వెళ్లాలి. అప్పుడప్పుడూ ఓడలరేవు వైపు ఇసుకలోకి దింపుతాం. ముందు స్వే బార్ లింకులు విప్పేస్తే బండి ఎక్కడికైనా ఎక్కేస్తుందని వీడియోల్లో అంటున్నారు. విప్పవచ్చా? ఎలా?"

విప్పవచ్చండి. కాకపోతే ఇసుకలో దానివల్ల ఒరిగేదేమీ లేదు, పుంతలో కూడా అన్ని చోట్లా పనికిరాదు. ఆ సంగతి తేల్చుకున్నాకే స్పానర్ పట్టుకోండి.

స్వే బార్ అంటే మన షెడ్డుల్లో స్టెబిలైజర్ రాడ్డు అనేదే, వంపు తిరిగిన స్ప్రింగు ఉక్కు కడ్డీ. నడిమి భాగం రెండు రబ్బరు బుష్‌లలో ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. రెండు కొసలూ చెరో లింకుతో చెరో చక్రం వైపు సస్పెన్షన్‌కి తగిలి ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే కడ్డీ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది. ఒకటి లేచి రెండోది దిగాల్సి వచ్చినప్పుడే మెలిపడుతుంది. మలుపులో బండి ఒరిగిపోకుండా కాసేది ఆ మెలే. గోతిలో అడ్డం పడేదీ అదే. ఎడమ చక్రం మెరక ఎక్కితే కడ్డీ కుడి చక్రాన్ని కూడా పైకి లాగుతుంది. దాని మీద బరువు తగ్గి టైరు గిర్రున తిరుగుతుంది. మామూలు డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) రెండు పక్కలకీ సమానంగానే టార్కు (తిప్పే బలం) ఇస్తుంది కనుక, తేలిపోయిన చక్రం తిరగడానికి ఎంత చాలో, నేల మీదున్న చక్రానికీ అంతే దక్కుతుంది. బండి అక్కడే కూర్చుంటుంది.

ట్రాక్టరు ముందు ఇరుసు చూసే ఉంటారు. మధ్యలో ఒక్క పిన్ను మీద తక్కెడ కాడలా ఊగుతుంది, అందుకే గట్టు దాటేటప్పుడు ముందు రెండు టైర్లూ నేలను వదలవు. లింకులు విప్పి మనం కోరుకునేది ఆ గుణంలో కొంత. ఎంత వస్తుందన్నది ముందు సస్పెన్షన్‌ని బట్టి ఉంటుంది. జీప్ రాంగ్లర్, మారుతి జిమ్నీల్లో ముందు కూడా సాలిడ్ యాక్సిలే (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) కాబట్టి తేడా బాగా తెలుస్తుంది. 2020 అక్టోబరు నుంచి వచ్చిన థార్‌లో ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రం తన రెండు ఆర్ముల మీద విడిగా కదిలే రకం), వెనక మల్టీ లింకు సాలిడ్ యాక్సిల్, రెంటికీ స్టెబిలైజర్ బార్ ఉంది. విష్‌బోన్‌లో చక్రం ఎంత కిందికి దిగగలదన్నది షాక్ అబ్జార్బర్ పొడవు, ఆర్ముల కోణమే నిర్ణయిస్తాయి. లింకు విప్పినంత మాత్రాన అది జానెడు దిగదు.

మీ బండికి ఎంత లాభమో ఇంటి దగ్గరే కొలవండి. చదును నేల మీద, సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా వెడల్పాటి కొయ్య దుంగలు పేర్చి, ముందు చక్రం ఒకటి నెమ్మదిగా ఎక్కించండి. రెండు వైపులా చక్రం మధ్య బొడిపె నుంచి పైన ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి రాసుకోండి. లింకులు విప్పి మళ్లీ అదే చేయండి. కింద ఉన్న చక్రం దగ్గర కొలత రెండు మూడు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే ఈ తతంగం అంతా దండగ, డిఫ్ లాక్ (రెండు చక్రాలూ కలిసే తిరిగేలా డిఫరెన్షియల్‌ని బిగించే ఏర్పాటు) మీద ఆధారపడడమే మేలు.

ఇక చోటు సంగతి. ఇసుకలో నాలుగు చక్రాలూ దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి, కాబట్టి బార్‌కి అక్కడ పనే లేదు. ఇసుకలో పనిచేసేది టైరు గాలి. 15 నుంచి 18 పీఎస్ఐ దాకా దించండి. మామూలు రిమ్ము మీద 15 కన్నా దించితే, మలుపు తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవడానికి కంప్రెసర్ బండిలోనే ఉండాలి. (శీతాకాలం వెళ్లే రోజుల్లో మన తీరాన తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో ఒడ్డు ఇసుక మీద చక్రం పెట్టకపోవడమే పద్ధతి.) తడిసిన ఒండ్రు మట్టి, నల్లరేగడి కూడా అంతే. టైరు గాళ్లలో బంక నిండి చక్రం జారుతుంటే స్వే బార్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అన్నిటికన్నా ముఖ్యం కాలువ గట్టు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పల్లం, మధ్యలో బండి పట్టేంత దారి. రొయ్యల చెరువుల గట్లూ ఇంతే. ఇలాంటిచోట బార్ తప్పనిసరిగా తగిలించే ఉండాలి. దారి నీళ్ల వైపు వాలి ఉంటే, లింకులు లేని బండి స్ప్రింగుల మీద అదే వైపుకి ఇంకాస్త వంగుతుంది. బరువంతా దిగువ టైర్ల మీదికి చేరుతుంది. ఆ టైర్ల కింద ఉన్నది నానిపోయిన గట్టు అంచు. విరిగితే బండి కాలువలోనే. పైన క్యారియర్ మీద సామాను ఉంటే ఇంకా త్వరగా ఒరుగుతుంది.

మరి పనికొచ్చేది ఎక్కడ? ట్రాక్టరు చాళ్లు లోతుగా పడి, ఎడమ గొయ్యి ఒకచోట, కుడి గొయ్యి మరోచోట వచ్చే పుంతలో. బోదెను ఏటవాలుగా దాటక తప్పని చోట. ఎండాకాలం గోదారి తగ్గినప్పుడు లంకలోకి దిగే కోసుకుపోయిన రేవులో. డెల్టా దాటి మారేడుమిల్లి వైపు వెళితే రాళ్ల వాగుల్లో. వీటన్నిటిలోనూ నడక వేగమే ఉంటుందని గమనించండి.

విప్పడానికి కావలసినవి: రింగ్ స్పానర్, సాకెట్ (నట్టు సైజు బండిని బట్టి మారుతుంది, ఇంటి దగ్గరే పెట్టి చూసుకోండి), అలెన్ కీ సెట్టు, వైర్ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, రెండు నైలాన్ పట్టీలు, కొత్త నైలాక్ (లోపల నైలాన్ రింగు ఉండే) నట్లు నాలుగు. సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేస్తారు చాలామంది. అది సాగి కడ్డీ ఎగిరెగిరి పడుతుంది, వద్దు.

గోతుల్లోకి దిగకముందే చదునైన గట్టి నేల మీద ఆపండి. ఇది సౌకర్యం కోసం చెప్పడం లేదు. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉంటే కడ్డీలో మెలి ఉండదు, బోల్టు చేత్తో లాగితే వచ్చేస్తుంది. బండి అప్పటికే అడ్డదిడ్డంగా ఇరుక్కుని ఉంటే కడ్డీ బిగిసి ఉంటుంది, నట్టు ఊడగానే కొస ఎగిరి వేళ్లు నలుగుతాయి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్లో పెట్టి, వెనక చక్రాలకు దుంగలు అడ్డుపెట్టండి. జాకీ ఎత్తొద్దు. ఒక చక్రం ఎత్తితే కడ్డీ మెలిపడుతుంది, పైగా మన మట్టిలో జాకీ దిగబడుతుంది. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పితే టైరు వెనక నుంచి లింకు చేతికి అందుతుంది.

మరలు బ్రష్‌తో శుభ్రం చేసి, స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగండి. నట్టు తిప్పుతుంటే చాలాసార్లు లోపలి బాల్ జాయింట్ స్టడ్డు కూడా దాంతోపాటే తిరుగుతుంది. ఎంత తిప్పినా నట్టు ఊడదు. స్టడ్డు కొసలో అలెన్ కీ పట్టే ఆరు పలకల గుంట ఉంటుంది, లేదా రబ్బరు బూటు పక్కనే పల్చటి స్పానర్ పట్టే చదును ఉంటుంది. దాన్ని కదలకుండా పట్టుకుని నట్టు ఒక్కటే తిప్పాలి. ఇక్కడ ఇంపాక్ట్ గన్ పెడితే బూటు చిరుగుతుంది, లోపలికి బురద చేరి నెలరోజుల్లో జాయింట్ కొట్టుకోవడం మొదలుపెడుతుంది.

ఒక వైపు లింకు ఒక్కటే విప్పితే చాలదా అంటారు. మెలి పడదు కాబట్టి పని జరుగుతుంది, నిజమే. కానీ తగిలించి ఉన్న చక్రంతోపాటు అటు వదులుగా ఉన్న కొస కూడా లేస్తూ దిగుతూ ఉంటుంది. దాన్ని ఛాసిస్‌కి కడితే కడ్డీ మళ్లీ మెలిపడుతుంది, కట్టకపోతే టైరుకో బ్రేక్ హోస్‌కో తగులుతుంది. అందుకే రెండు లింకులూ పూర్తిగా తీసి టూల్ బాక్సులో వేయండి. కడ్డీని పైకి తిప్పి ఛాసిస్‌కి పట్టీతో బిర్రుగా కట్టండి. తర్వాత స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పిస్తూ కింద నుంచి చూడండి. కడ్డీ టైరుకి, బ్రేక్ హోస్‌కి, ఏబీఎస్ వైరుకి, డ్రైవ్ షాఫ్ట్ బూటుకి ఎక్కడా తగలకూడదు. చక్రం పూర్తిగా దిగినప్పుడు హోస్, వైరు బిగిసిపోకూడదు. షాక్‌లు మార్చి ఎత్తు పెంచిన బండ్లలో తెగేది ఇక్కడే.

వెనక బార్ జోలికి వెళ్లకండి. ముందు, వెనక రెండూ విప్పితే బండి ఉయ్యాల అవుతుంది.

లింకులు లేకుండా 20–25 కిలోమీటర్ల వేగం దాటొద్దు. రాంగ్లర్ రుబికాన్‌లో బటన్‌తో విడిపోయే బార్ ఉంది. దానికి కూడా వేగం గంటకు 29 కిలోమీటర్లు దాటితే తనంతట తానే తగులుకునే ఏర్పాటు చేశారు. రావులపాలెం హైవే దాకా ఇలాగే వెళ్లిపోదామనే ఆలోచన వద్దు. ఆటో అడ్డం వచ్చి ఒక్కసారి స్టీరింగ్ తిప్పినప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఆలస్యం.

తగిలించేటప్పుడూ చదును నేలే కావాలి. రంధ్రాలు సూటిగా కలవకపోతే సుత్తితో కొట్టొద్దు, మర చెడిపోతుంది. బండిని ఒక మూర ముందుకో వెనక్కో జరపండి, లేదా ఒక మనిషి ఆ వైపు బంపర్ మీద కూర్చుంటే చాలు. నైలాక్ నట్టు లోపలి నైలాన్ పట్టు ఒక్కసారి విప్పితేనే తగ్గుతుంది, అందుకే కొత్తవి తెచ్చుకోమన్నాను. బిగింపు సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన టార్కుకే. లింకుకి రబ్బరు బుష్ ఉన్న రకమైతే బండి బరువు నాలుగు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు వేయాలి, లేదంటే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

సముద్రపు గాలి, చెరువుల ఉప్పునీళ్లు తగిలిన బండికి అదే రోజు మంచినీళ్లతో కింద కడగాలి. కానీ ప్రెషర్ వాటర్‌ని బాల్ జాయింట్ బూటు మీద దగ్గర నుంచి కొట్టొద్దు, నీళ్లు లోపలికి దూరతాయి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ చూడండి. స్పీడ్ బ్రేకర్ ఏటవాలుగా ఎక్కినప్పుడు ముందు నుంచి టక్ టక్ మంటే ముందుగా అనుమానించాల్సింది ఆ నట్టునే. బిగువుగానే ఉంటే కడ్డీని చేత్తో పట్టుకుని ఊపి చూడండి, ఛాసిస్ దగ్గర బుష్ అరిగి ఉంటుంది.