రక్షణ ఉత్తర్వు వాయిదాకు ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: మా అత్తవారిది చిత్తూరు. భర్త కొట్టడం భరించలేక తిరుపతిలో మా అమ్మగారింట ఉంటూ ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నాను. ఆయన అక్కడికీ వచ్చి గొడవ చేస్తున్నందువల్ల గృహహింస చట్టం కింద తిరుపతి కోర్టులో కేసు వేశాను. వచ్చే వారం వాయిదా. కేసు చిత్తూరులోనే నడవాలని ఆయన వాదన. ఇరుగుపొరుగువారు సాక్ష్యానికి వెనకాడుతున్నారు. నేను ఎలా సిద్ధం కావాలి?
— ఒక సోదరి, తిరుపతి

జవాబు: మీ భర్త వాదన నిలవదు. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005లోని 27వ సెక్షన్ ప్రకారం బాధితురాలు తాత్కాలికంగా నివసిస్తున్న చోటి మేజిస్ట్రేటు కోర్టుకు కూడా ఈ కేసు విచారించే అధికారం ఉంది. మీరు తిరుపతిలో ఉంటున్నట్టు చూపే కాగితం ఏదైనా దగ్గర ఉంచుకోండి.

పెళ్లయిన నాటి నుంచి పడిన కష్టమంతా ఒక్కసారిగా చెప్పుకోవాలనిపించడం సహజమే గాని, ఉత్తర్వుకు పనికివచ్చేది ఏ రోజున, ఎక్కడ, ఏం జరిగిందన్న వివరమే. ‘తరచూ వచ్చి వేధిస్తున్నారు’ అనేకంటే ‘ఫలానా శుక్రవారం సాయంత్రం దుకాణం మూసే వేళకు వచ్చి, మెట్ల మీద చెయ్యి పట్టుకుని లాగారు, యజమాని చూశారు’ అంటే బలం ఎక్కువ. ఇలాంటి సంఘటనలను వరుసగా ఒక కాగితం మీద రాసుకోండి. తేదీ గుర్తులేకపోతే ఊహించి వేయకుండా ‘గంగజాతర ముగిసిన వారంలో’ అని ఉన్నదున్నట్టు చెప్పండి, ఎందుకంటే తప్పుడు తేదీ ఒక్కటి దొరికినా ఎదుటి న్యాయవాది క్రాస్‌లో, అంటే మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, దాన్నే పట్టుకుంటారు.

ఇరుగుపొరుగువారు రాకపోయినంత మాత్రాన కేసు వీగిపోదు. గృహహింస జరిగిందని లేదా జరగవచ్చని ప్రాథమికంగా నమ్మకం కుదిరితే 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆస్పత్రి ఓపీ చీటీ, గాయాల ధ్రువపత్రం, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు రసీదు ఉంటే అసలు, నకలు రెండూ తీసుకువెళ్లండి. వాట్సాప్ బెదిరింపుల ప్రింట్లకు 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం, అవి ఏ ఫోన్‌లోంచి ఎలా తీసినవో తెలిపే ధ్రువపత్రం జతచేయాలి. ఆ సందేశాలను ఫోన్‌లోంచి తొలగించకండి, ఫోన్ మార్చకండి.

పిటిషన్‌లో దుకాణం చిరునామా ఉందో లేదో ఇవాళే చూసుకోండి. పనిచేసే చోటికి రాకూడదని, ఫోన్ ద్వారా గాని మరో విధంగా గాని సంప్రదించకూడదని కూడా 18వ సెక్షన్ కిందే కోరవచ్చు. చాలామంది ‘రక్షణ కల్పించాలి’ అని ఊరుకుంటారు, అది చాలదు. భరణం కూడా అడిగి ఉంటే ఆస్తి, ఆదాయాల అఫిడవిట్‌లో మీ జీతాన్ని దాచకండి.

కేసు 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటున్నా వాయిదాలు సాగడం మామూలే కనుక, 23వ సెక్షన్ కింద తుది ఉత్తర్వు వచ్చేలోగా రక్షణనిచ్చే మధ్యంతర ఉత్తర్వు కోసం అఫిడవిట్‌తో సహా అర్జీ ఈ వాయిదాకే పెట్టించండి. అందరి ముందు చెప్పలేని విషయాలుంటే విచారణను ఆంతరంగికంగా జరపమని కోరే వీలుంది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని నియమిస్తుంది. 15100కు ఫోన్ చేయవచ్చు.

ఉత్తర్వు వచ్చాక నకలు ఉచితంగా ఇస్తారు. పోలీసులకూ కోర్టే పంపుతుంది, అయినా స్టేషన్‌కు చేరిందో లేదో మీరే వెళ్లి కనుక్కోండి. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ నేరానికి మీ ఒక్కరి సాక్ష్యమే సరిపోవచ్చని 32వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఆ తర్వాత ఆయన దుకాణం దగ్గర కనిపిస్తే వాదనకు దిగకుండా వెంటనే 112కు ఫోన్ చేయండి.