డిక్కీ ఉన్న చిన్న కారు: కొత్తదా, చేయి మారినదా?

ఈసారి ప్రశ్నలన్నీ నాలుగు మీటర్ల లోపు సెడాన్ల చుట్టూనే తిరిగాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మావారూ నేనూ హైటెక్ సిటీలో ఉద్యోగం, రానూపోనూ 24 కిలోమీటర్లు. నెలకోసారి సూర్యాపేట వైపు మా ఊరికి వెళ్తాం. అత్తయ్యగారు, మావయ్యగారు మాతోనే ఉంటారు. 9 లక్షల్లో కొత్తది తీసుకోవాలా, రెండేళ్లు తిరిగిన పై వేరియంట్ తీసుకోవాలా?

జవాబు: కొత్తదే తీసుకోండి. రెండేళ్ల కిందటైతే ఈ జవాబు ఇంత ఖాయంగా చెప్పేవాళ్లం కాదు. 2025 సెప్టెంబరు 22కి ముందు 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న కారు మీద 28 శాతం జీఎస్టీ, ఆపైన 1 శాతం సెస్సు ఉండేవి. ఇప్పుడు అంతా కలిపి 18 శాతం. అంటే అప్పట్లో షోరూం ధర 8 లక్షలున్న బండి, పన్ను తగ్గింపు మొత్తం కొనేవాడికే అందితే, 7 లక్షల 32 వేల దగ్గరికి వస్తుంది. మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్‌ను షోరూం ధర మీదే లెక్కేస్తారు కాబట్టి అక్కడా ఓ 9 వేలు మిగులుతుంది.

పాత బండి అమ్మేవాళ్ల మనసులో మాత్రం పన్ను తగ్గకముందు రేటే ఉంటుంది. “తొమ్మిదిన్నరకి కొన్నానండీ, ఏడున్నరకి ఇస్తున్నా” అంటే రెండు లక్షలు కలిసొచ్చినట్టే అనిపిస్తుంది. ఆయన ఎంతకి కొన్నాడన్నది మీకు అనవసరం. అదే వేరియంట్ ఈ రోజు ఆన్‌రోడ్ ఎంతో షోరూంలో కాగితం మీద రాయించుకుని దాంతో పోల్చండి. రెండేళ్ల బండికి కనీసం నాలుగో వంతు తేడా లేకపోతే వదిలేయండి. నాలుగైదేళ్ల బండి 40 శాతం తక్కువకు వస్తుంటే అప్పుడు పాతదాని గురించి ఆలోచించవచ్చు.

అప్పు తీసుకునేట్టయితే వడ్డీ కూడా చూడాలి. పాత కార్లకు బ్యాంకులు ఎక్కువ వడ్డీ వేస్తాయి. 6 లక్షలు, అయిదేళ్లు అనుకోండి. 9 శాతానికి నెల కిస్తీ 12,455 రూపాయలు, 13 శాతానికి 13,652. అయిదేళ్లలో తేడా దాదాపు 72 వేలు. బేరమాడి తగ్గించుకున్నది ఇలా వెనక్కి పోతుంది.

ఇక ఏ బండి అంటారా? మారుతి డిజైర్, హ్యుందాయ్ ఆరా, హోండా అమేజ్, టాటా టిగోర్ నాలుగూ చూడండి. 2024 నవంబరులో వచ్చిన డిజైర్‌కూ, టిగోర్‌కూ మూడు సిలిండర్ల ఇంజిన్. ఆరా, అమేజ్‌లవి నాలుగు సిలిండర్లవి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వణుకు తక్కువ. క్రాష్ టెస్టు ముఖ్యమనుకుంటే కొత్త డిజైర్‌కు పెద్దల రక్షణలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే పరీక్షా సంస్థ 5 స్టార్లు ఇచ్చింది. అయితే మీ ఇంట్లో ఈ ఎంపిక చేయాల్సింది అత్తయ్యగారు. సెడాన్ వెనక సీటు కిందికి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కూర్చోవడం కంటే లేవడం కష్టం. ఆవిడను షోరూంకు తీసుకెళ్లి, నాలుగు బండ్లలోనూ పది నిమిషాలు వెనక కూర్చోబెట్టి, ఎవరి చేయీ పట్టుకోకుండా దిగమనండి. బ్రోచర్లో దొరకని సంగతి అక్కడ తెలుస్తుంది. అడుగు వేరియంట్ కాకుండా, వెనక ఏసీ వెంట్లు ఉన్న మధ్య వేరియంట్ తీసుకోండి.

బిల్లులో ‘హ్యాండ్లింగ్ చార్జీలు’ కనిపిస్తే ఆ లైను కొట్టేయమనండి. ఇన్సూరెన్సు షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే రేటు దిగుతుంది. డబ్బు మొత్తం కట్టకముందే ఛాసిస్ నంబరు అడిగి తయారైన నెల చూసుకోండి, సేల్ సర్టిఫికెట్లో, అంటే ఫారం 21లో అది ఉంటుంది. కిందటి ఏడాది తయారైన బండిని ఈ ఏడాది ధరకు తీసుకోవద్దు, రేపు అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతదిగానే లెక్కేస్తారు.

ప్రశ్న: వనస్థలిపురంలో 2021 డిజైర్ పెట్రోలు బండి ఒకటి చూశాను. ఫస్ట్ ఓనర్, మీటరు మీద 42 వేలు. బండి మెరిసిపోతోంది. మెకానిక్‌ను తీసుకెళ్లేలోపు నేనే ఏమేం చూసుకోవాలి?

జవాబు: మెరుపును లెక్కలోకి తీసుకోకండి, ఒక పూట పాలిష్‌తో వచ్చేదే అది. ముందు నీళ్లలో మునిగిన బండా కాదా తేల్చుకోండి. 2020 అక్టోబరు వానలకు టోలిచౌకి వైపు కాలనీల్లో కార్లు ఎలా మునిగాయో చూశాం, ఆ తర్వాత కూడా ఏటా ఏదో ఒక సెల్లారు నిండుతూనే ఉంది. ముందు సీటు బెల్టును ఇక రాదన్నంతవరకూ లాగండి. చివరి అర మీటరు ఎప్పుడూ రీల్లోనే చుట్టుకుని ఉంటుంది, కడిగేవాడి బ్రష్ అక్కడికి పోదు. ఆ భాగంలో అడ్డంగా మట్టి చార ఉన్నా, గుడ్డ బిరుసెక్కి ఉన్నా తాళం చేతులు తిరిగి ఇచ్చేయండి. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింది గుంతలో వేలు పెట్టి చూడండి. సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు, ఫ్యూజు పెట్టె మూలల్లో ఒండ్రు, హెడ్‌లైటు లోపల చెమ్మ ఉన్నాయా అన్నది చూడండి. కారు నిండా సెంటు కొట్టి ఉంటే అద్దాలన్నీ మూసి, ఏసీ ఆపి పది నిమిషాలు లోపల కూర్చోండి. ముక్క వాసన ఉంటే బయటపడుతుంది.

మీటరు తిప్పారా అన్నది తెలియాలంటే కంపెనీ సర్వీస్ సెంటర్లో బండి నంబరు మీద ఉన్న పాత సర్వీసుల చిట్టా ఓనరు చేతే తెప్పించండి. ప్రతిసారీ రీడింగు నమోదవుతుంది. 2023లో 38 వేలు ఉండి ఇప్పుడు 42 వేలే అంటే మధ్యలో ఏం జరిగిందో అడగాలి. టైర్లు కూడా సాక్ష్యం చెబుతాయి. పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. 42 వేలకి మొదటి సెట్టు అరిగి ఉండాలి, లేదా ఈమధ్యే మార్చి ఉండాలి. నాలుగు టైర్లూ 2023వి అయి, అవీ నున్నగా అరిగిపోయి ఉంటే ఈ బండి 42 వేలతో ఆగలేదు. క్లచ్ పెడల్ రబ్బరు, గేర్ నాబ్, డ్రైవరు సీటు కుడి అంచు కూడా చూడండి.

బంపరుకో, డోరుకో పెయింటు పడితే భయం లేదు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో గీత పడని బంపరు ఉంటే ఆ బండి షెడ్డు దాటలేదన్నట్టే. చూడాల్సింది బానెట్ లోపల. ఫెండర్ బోల్టుల తలల మీద పెయింటు రేగి, స్పానర్ గాట్లు ఉంటే ఫెండర్ విప్పారు. అది కూడా ఫర్వాలేదు. కానీ హెడ్‌లైట్ల వెనకుండే లోపలి రేకు (ఏప్రన్) మీద వెల్డింగ్ మచ్చలున్నా, డోరు పిల్లర్ల మీద రెండో పూత ఉన్నా అది పెద్ద దెబ్బ, బేరం వద్దు. పెయింటు మందం కొలిచే మీటరు అద్దెకు దొరికితే, కంపెనీ పూత 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది. 200 దాటితే మళ్లీ కొట్టారు, 500 దాటితే కింద పుట్టీ ఉంది.

ఉదయాన్నే వస్తామని, బండి స్టార్ట్ చేయొద్దని చెప్పి వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లని ఇంజిన్ మొదటి నిమిషంలోనే నిజం చెబుతుంది. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతోంది. తెల్లపొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా తియ్యటి వాసన వేస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ మూత తీస్తే పాలెక్కువైన టీ రంగు ముద్ద అంటుకుని ఉండొచ్చు. వానాకాలంలో రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండికి మూత కింద అది కొద్దిగా ఏర్పడుతుంది కాబట్టి డిప్‌స్టిక్ కూడా తీయండి. అక్కడా అదే రంగు ఉంటే హెడ్ గాస్కెట్ పోయినట్టే. రేడియేటర్ మూత మాత్రం వేడి ఇంజిన్ మీద ముట్టుకోకండి.

క్లచ్ పరీక్ష సులువు: హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేరులో పెట్టి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి క్లచ్ వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోతే ప్లేటు బాగుంది. ఆగకుండా రొదపెడుతుంటే అరిగింది. ఒకసారి చాలు, పదే పదే చేస్తే ఉన్న ప్లేటు కూడా పోతుంది.

తర్వాత రోడ్డు మీదికి తీయండి. స్పీడ్ బ్రేకరు మీద ఒక చక్రం ముందు, ఒకటి వెనక ఎక్కేలా ఏటవాలుగా నెమ్మదిగా పోనిస్తే టక్‌టక్ మంటోందా? లింక్ రాడ్డో, లోయర్ ఆర్మ్ బుష్షో. స్టీరింగ్ చివరిదాకా తిప్పి మెల్లగా వెళ్తే టిక్‌టిక్ వస్తోందా? డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు, దాని మీద 80 లోపే ఉండి స్టీరింగ్ వణుకు చూడండి. నడుస్తున్నప్పుడు వణికితే బ్యాలెన్సింగో, వంగిన రిమ్మో. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కు వంకర. ఇవన్నీ సరిచేయించుకోదగ్గవే, ధరలో తగ్గించమని అడగడానికి పనికొస్తాయి. ఈ సైజు బండికి నాలుగు టైర్లు సుమారు 20 వేలు, అది గుర్తుంచుకుని మాట్లాడండి.

పెట్రోలు గురించి ఒక్క మాట. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో కలిసే 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునే విడిభాగాలు 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లకు తప్పనిసరి అయ్యాయి. 2021 బండి అంతకు ముందుది. మైలేజీ కొద్దిగా తగ్గుతుంది. ఫ్యూయల్ పైపులు, రబ్బరు సీళ్లు సర్వీసు చేయించిన ప్రతిసారీ చూడమని చెప్పండి.

ప్రశ్న: ఢిల్లీ నంబరు 2018 డీజిల్ సెడాన్ ఇక్కడి ధర కంటే లక్షన్నర తక్కువకు ఇస్తామంటున్నారు. నెలకు 600 కిలోమీటర్లు తిరుగుతాను. తీసుకోవచ్చా? (టోలిచౌకి)

జవాబు: వద్దు. అక్కడ డీజిల్ బండికి 10 ఏళ్లు, పెట్రోలు బండికి 15 ఏళ్లు అని గడువు పెట్టారు. ఆ గడువు భయంతోనే ధర పడింది, చౌకకు పెద్ద కారణం అదే. ఇక్కడికి తెచ్చాక ఢిల్లీ ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ కావాలి, బండి వయసును బట్టి తెలంగాణలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఆ లక్షన్నరలో కొంత అక్కడే కరుగుతుంది.

మీకు డీజిలే అనవసరం. లీటరు పెట్రోలు 107, డీజిల్ 95 వేసుకోండి. పెట్రోలు బండి లీటరుకు 15, డీజిల్ 20 ఇస్తుందనుకుంటే 600 కిలోమీటర్లకు 4,280 రూపాయలకు బదులు 2,850 ఖర్చు. నెలకు మిగిలేది 1,430. ఇంజెక్టరో, టర్బోనో ఒక్కసారి మొరాయిస్తే రెండేళ్ల పొదుపు గ్యారేజీకి సమర్పయామి.

ప్రశ్న: మా అపార్టుమెంటు సైనిక్‌పురిలో, సెల్లారు ర్యాంపు నిట్టనిలువుగా ఉంటుంది. నాన్నగారికి 66 ఏళ్లు, ఎడమ మోకాలు నొప్పి. ఆటోమేటిక్ కావాలి. ఏఎంటీనా, సీవీటీనా?

జవాబు: ర్యాంపు ఉందంటే సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా వేగం మార్చే ఆటోమేటిక్. ఏఎంటీ లోపల ఉండేది మామూలు గేర్ బాక్సు, మామూలు క్లచ్ ప్లేటే. కాలికి బదులు ఒక మోటారు దాన్ని తొక్కుతుంది. చదును రోడ్డు మీద ఇబ్బంది లేదు. ర్యాంపు మధ్యలో ఎదురుగా ఇంకో బండి వచ్చి ఆగాల్సి వచ్చినప్పుడు, చాలామంది బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడతారు. ఆ పది సెకన్లూ ప్లేటు కాలుతూనే ఉంటుంది, కాలిన వాసన కూడా వస్తుంది. రివర్సులో ఎక్కాల్సి వస్తే ఇంకా కష్టం. అమేజ్‌లో సీవీటీ దొరుకుతుంది, ధర ఎక్కువే, కానీ నాన్నగారి మోకాలికీ మీ ర్యాంపుకీ అదే సరిపడేది. డిజైర్, ఆరా, టిగోర్‌లలో ఏఎంటీ ఉంటుంది.

కొనేముందు టెస్ట్ డ్రైవ్ బండిని మీ సెల్లారుకే తెప్పించండి. నలుగురు కూర్చుని, ఏసీ వేసి, ర్యాంపు సగంలో పూర్తిగా ఆపి మళ్లీ ఎక్కించమనండి. అడుగు ర్యాంపు అంచుకు రాసుకుంటోందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ సీవీటీ అయితే గేర్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి.

ప్రశ్న: బండి నచ్చింది, డబ్బు ఇచ్చేశాను. ఆర్సీ మార్పు తర్వాత చూద్దామంటున్నాడు కన్సల్టెన్సీ అతను.

జవాబు: తర్వాత అంటే ఎప్పుడో తేదీ రాయించుకోండి. ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30, అప్పు ఉండి ఉంటే ఫారం 35తో పాటు బ్యాంకు ఎన్ఓసీ, ఇవన్నీ సంతకాలతో ఇవాళే మీ చేతికి రావాలి. పోలీసుల ఈ-చలాన్ సైటులో బండి నంబరు కొట్టి బాకీలు చూడండి, ఆ మొత్తం అమ్మినవాళ్ల లెక్కలోకి వెళ్లాలి. డెలివరీ నోటు మీద తేదీతో పాటు గంట కూడా వేయించండి, నిన్న సాయంత్రం జంప్ చేసిన సిగ్నల్ ఎవరిదన్న గొడవ రాదు.

ఇన్సూరెన్సు ఇంకా ముఖ్యం. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటు మీకు వస్తుంది, కానీ మీ బండికి జరిగే నష్టానికి రక్షణ కావాలంటే 14 రోజుల్లో పాలసీ మీ పేరుకి మార్పించాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, బండిది కాదు. ఆ తేడా ప్రీమియం మీరే కట్టాలి. 50 శాతం బోనస్ ఉన్న పాలసీ అయితే తేడా బాగానే ఉంటుంది, బేరంలోనే అది కలుపుకోవాల్సింది. కొత్త పాలసీలో ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకోండి. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్లోకి నీరు వెళ్లి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు.

ప్రశ్న: పాత సీఎన్‌జీ సెడాన్ తీసుకుంటే సిలిండరు సంగతి ఏమిటి? (ఉప్పల్)

జవాబు: డిక్కీలో సిలిండరు మెడ దగ్గర లోహపు పలక ఉంటుంది, దాని మీద పరీక్ష తేదీ చూడండి. మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు తప్పనిసరి. గడువు దాటితే బంకులో గ్యాస్ నింపరు. బయట కిట్టు పెట్టించిన బండి అయితే ఆర్సీలో ఇంధనం గడిలో సీఎన్‌జీ ఎక్కిందా, పాలసీలో కిట్టు విలువ రాశారా అన్నవి కూడా చూడండి. ఆ రెండూ లేకపోతే అమ్మినవాళ్ల చేతే ఎక్కించి ఇమ్మనండి.